ఇద్దరికీ ఒకే మాట

నవంబర్ 10, సోమవారం

నా కొడుకుని ఎవరో కొట్టారు. ముందు అది రాయాలి. సాయి ఎడమ చెంప మీద వేళ్ళ అచ్చులు సాయంత్రానికి కూడా పోలేదు.

పొద్దున్న కొట్టు తెరిచి దీపం పెడుతుంటే శ్రీకాకుళం నుంచి కాలేజీ ఫోను. "మీ అబ్బాయి సాయికిరణ్ మిస్‌బిహేవ్ చేశాడండి. వచ్చి తీసుకెళ్ళండి." అంతే, పెట్టేశారు. ఈయన సరుకు కోసం విజయనగరం వెళ్ళారు. స్టీలు సామాన్లన్నీ బయట అలా ఉండగానే పక్క కొట్టువాళ్ళకి చెప్పి, ఆమదాలవలసలో దొరికిన బస్సెక్కాను. కార్తీక సోమవారం. కడుపులో మంచినీళ్ళు కూడా లేవు.

ప్రిన్సిపాల్ నారాయణమూర్తి గారు కుర్చీ చూపించారు.

"భీమశంకరరావు గారు రాలేదా?"

"మావారు ఊళ్ళో లేరండి. మావాడు ఏటి సేసాడండి?"

"మిస్‌బిహేవ్ చేశాడమ్మా. క్లాస్‌రూమ్‌లో."

"అంటే?"

"అంటే మిస్‌బిహేవియర్. డీటెయిల్స్‌లోకి వెళ్తే మీకూ బాగుండదు, మాకూ బాగుండదు. కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉంచండి."

బయట బెంచీకి ఒక చివర సాయి కూర్చున్నాడు, తల దించుకుని. రెండో చివర ఎవరో అమ్మాయి, ఒళ్ళో బ్యాగు పెట్టుకుని. ఆ అమ్మాయి తల దించుకోలేదు.

బస్సులో అడిగాను. "ఎవర్రా కొట్టింది? ఏ లెక్చరరు?" కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. నేను ఇన్నేళ్ళలో వాడి మీద చెయ్యెత్తలేదు. కొట్టే హక్కు వాళ్ళకెవరిచ్చారు? ఊరుకోను.

నవంబర్ 11, మంగళవారం

రాత్రి ఈయన వచ్చారు. విని, మొదట అడిగిన మాట, "ఆడపిల్ల గొడవా?"

అలా ఎందుకు అడిగారు? మిస్‌బిహేవ్ అంటే ఎవరికైనా ముందు తట్టేది అదేనట. టీవీలో చెప్పేదీ అలాగేనట. బస్సులో మహిళతో మిస్‌బిహేవ్, ఆఫీసులో మిస్‌బిహేవ్. నిజమే, నేనూ వింటూనే ఉన్నాను. కానీ సాయి ఎల్‌కేజీలో ఉన్నప్పుడు, పక్కవాడి టిఫిన్ డబ్బాలోది తిన్నాడని డైరీలో మిస్సు రాసిందీ ఆ మాటే. కిందటి ఏడు బ్యాంకులో ఒక ముసలాయన గట్టిగా అరిస్తే మేనేజరు అన్నదీ అదే.

సాయి పాత డిక్షనరీ తీసి చూశాను. "అమర్యాదగా ప్రవర్తించు" అని ఉంది. ఎవరితో, ఎలాగ, అది లేదు.

నా కొడుకు అలాంటివాడు కాడు.

నవంబర్ 12, బుధవారం

మా తమ్ముడు జయకృష్ణ వచ్చాడు. ట్యుటోరియల్‌లో ఇంగ్లీషు చెప్తాడు కదా, వాడినే అడిగాను. నవ్వాడు.

"అక్కా, అది ఏ గిన్నెకైనా సరిపడిపోయే మూత. లోపల ఏటుందో మూత సెప్పదు."

"అన్ని గిన్నెలకీ సరిపడే మూత ఎక్కడా ఉండదురా. ఇన్నేళ్ళుగా అమ్ముతున్నాను."

"అందుకే కదా, మీ ప్రిన్సిపాల్‌కి అంత పనికొచ్చినాది. పెద్దదాన్ని సిన్నది సెయ్యాలన్నా అదే మాట, సిన్నదాన్ని పెద్దది సెయ్యాలన్నా అదే. నువ్వు సాయినే అడుగు."

అడుగుతూనే ఉన్నాను. "సరదాగా ఏదో అయిందమ్మా, వదిలెయ్" అంటాడు. సరదాకి ఎవరూ చెంప మీద వేళ్ళు తేలేలా కొట్టరు. ఏదో దాస్తున్నాడు, లెక్చరరు భయం కాబోలు.

నవంబర్ 13, గురువారం

ఇవాళా చెప్పలేదు. అన్నం మాత్రం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

నవంబర్ 14, శుక్రవారం

సాయి వద్దంటున్నా వినకుండా కాలేజీకి వెళ్ళాను. రెండే అడగాలనుకున్నాను. నా కొడుకుని ఎవరు కొట్టారు? వాడి మీద ఆ మాట ఎందుకు వేశారు?

నారాయణమూర్తి గారు విసుగ్గా టేబుల్ సొరుగు లాగి టైపు చేసిన కాగితం ఒకటి తీశారు. "నేను తరగతి గదిలో మిస్‌బిహేవ్ చేశాను, క్షమించండి" అని ఇంగ్లీషులో ఉంది. కింద సంతకానికి చోటు. "మీవాడు ఇది పెడితే సోమవారం నుంచి రావచ్చు. ఆ అమ్మాయి కూడా పెట్టాలి. ఇద్దరి కాగితాల్లోనూ ఒకే మాట."

"ఏ అమ్మాయండి?"

"మీవాడు చెప్పలేదా? చెంపదెబ్బ కొట్టింది రాణి అనే అమ్మాయండి. భావనపాడు పిల్ల, హాస్టల్లో ఉంటుంది. మేం ఒక పక్షం వహించకుండా ఇద్దర్నీ ఇంటికి పంపాం. తనేమో సంతకం చెయ్యనంటోంది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ఆడపిల్ల, నిండు క్లాసులో, నా కొడుకుని! కొట్టినదానికీ, దెబ్బ తిన్నవాడికీ ఒకటే మాటా? ఇదేం న్యాయం అని గట్టిగానే అడిగాను. "ఆ అమ్మాయి వాళ్ళింటికెళ్ళి అడగండి" అన్నారు.

అడుగుతాను.

నవంబర్ 15, శనివారం

మా ఆడపడుచు కుసుమకుమారి ఫోను. "వదినా, సాయి ఎవర్తోనో మిస్‌బిహేవ్ సేసాడంట, నిజమేనా?" కాశీబుగ్గ దాకా పోయింది మాట. "మావాడు కాదమ్మా, మావాడితోనే ఒకమ్మాయి మిస్‌బిహేవ్ సేసింది" అన్నాను. "అయ్యో, అలాంటి పిల్లా?" అంది. గొంతులో ఎంత ఆత్రమో.

అలాంటి పిల్ల అని నేను అనలేదు. నేనన్నది కొట్టడం గురించి.

నవంబర్ 16, ఆదివారం

భావనపాడు వెళ్ళి వచ్చాను. ఇవాళ రాయలేను.

నవంబర్ 17, సోమవారం

నౌపడ దాకా రైలు, అక్కణ్ణించి ఆటో. రెండు వైపులా ఉప్పు మడులు, తెల్లగా, కళ్ళు తెరవనీయకుండా. దారిలో ఒకావిడ చేపల గంపతో ఎక్కి నా పక్కన కూర్చుంది. దుమ్ము ఎక్కువగా ఉందని కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ నా వైపు చూసి, గంపని రెండో పక్కకి జరిపింది.

రాణి వాళ్ళిల్లు ఊరి చివర, వలలు ఆరేసిన చోటు దాటాక. వాళ్ళమ్మ పేరు గురమ్మ. నేనెవరో చెప్పగానే చేతిలో చీపురు పడేసి రెండు చేతులూ జోడించింది.

"తప్పయిపోనాదమ్మా. పిల్ల సెయ్యి సేసుకున్నాది. నాను కూడా దాన్ని కొట్టినాను. మీరు పెద్దోలు, కేసూ గీసూ ఎట్టకండి."

కొట్లాటకి వెళ్ళినదాన్ని. ఇలా చేతులు జోడిస్తే ఏమనను? "కేసు కాదు గురమ్మా, ఎందుకు కొట్టిందో కనుక్కుందామని వచ్చాను" అన్నాను.

"అదే మాకు తెల్డం లేదు. మాస్టారు ఫోన్ల మీ పిల్ల మిస్సుబియేవు సేసినాదని సెప్పినాడు. అదేటో తెల్దు గాని, ఈదిలో సదువుకున్నోడొకడు సెప్పినాడు, మొగపిల్లడితో తిరగడంట. ఈల్ల నాన్న వొల్లు తెలీకుండా కోపం మీదున్నాడు. సదువు మానిపించేస్తానంతన్నాడు."

లోపల్నుంచి ఆ అమ్మాయి వచ్చింది. బెంచీ మీద తల దించుకోని అమ్మాయి. "కూర్చోండాంటీ" అని ప్లాస్టిక్ కుర్చీ వేసి తను నిలబడింది. గొంతు కాలేజీ గొంతు, కోపం మాత్రం ఊరిదే.

"మీవాడు ఏం చేశాడో చెప్పమంటారా, మిస్‌బిహేవ్ చేశాడని ఊరుకోమంటారా?"

"చెప్పమ్మా."

"ఫస్ట్ ఇయర్ నుంచీ నేను క్లాసులోకి రాగానే ఇలా." చున్నీ చివర ముక్కుకి అడ్డం పెట్టుకుని చూపించింది. "వాణ్ణి చూసి మిగతావాళ్ళు. తరవాత సెంటు సీసా తెచ్చి నా బెంచీ మీద కొట్టేవాడు. నేను రోజూ రెండుసార్లు స్నానం చేసి వచ్చేదాన్ని. ఒకరోజు నాకే నా మీద వాసన వచ్చింది, లేని వాసన. సోమవారం నా బ్యాగు జిప్పుకి ఎండు చేప కట్టాడు. నాకు తెలీదు. బ్యాగు భుజాన ఉండగానే పిలిస్తే వెళ్ళి బోర్డు దగ్గర లెక్క చేశాను. వెనక వీడియో తీసి గ్రూపులో పెట్టాడు. అందరూ నవ్వుతుంటే లెక్క తప్పు చేశానేమో అనుకుని మళ్ళీ మొదట్నుంచి చూసుకున్నాను. అప్పుడు కొట్టాను."

గురమ్మకీ అప్పుడే తెలిసింది. "ఏటే, ఇన్నాళ్ళూ నాకు సెప్పలేదేటే?" అంది.

"ఏటి సెప్పమంతావు? నువ్వు అమ్మే సేపల గురించి నవ్వుతన్నారని సెప్పాలా?"

గురమ్మ చీపురు తీసుకుని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

నేను రాణిని అడిగాను, కాగితం మీద సంతకం పెట్టేస్తే చదువు పోకుండా ఉంటుంది కదా అని. అడగకుండా ఉండాల్సింది.

"కొట్టానని రాయమంటే రాస్తానాంటీ. ఎందుకు కొట్టానో కూడా రాయనివ్వాలి. మిస్‌బిహేవ్ చేశానని రాయను. మీ అబ్బాయి పేరు పక్కన ఆ మాట ఉంటే అల్లరి చేశాడంటారు. నా పేరు పక్కన ఉంటే ఏమంటారో మా వీధిలో అడగండి."

కుసుమకుమారికి నేను ఫోనులో చెప్పిన మాట గుర్తొచ్చింది. వీధిలో అడగక్కర్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో కొంగు ఎక్కడుందో చూసుకున్నాను. దుమ్ము అని రాశాను పైన. దుమ్ము లేదు. నిన్న గాలే లేదు.

నవంబర్ 18, మంగళవారం

మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు సాయిని కొట్టు వెనక గదిలోకి పిలిచాను.

"ఎండు చేప ఎక్కడ కొన్నావు?"

వాడి మొహం పాలిపోయింది. "సంతలో."

కార్తీకమాసంలో అది చేత్తో పట్టుకున్నావా అని అడగబోయాను. నోటిదాకా వచ్చింది. ముందు నాకు తోచింది అదే. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

"ఎందుకు సేసావురా?"

"అందరూ నవ్వుతారని."

"ఆ పిల్ల నిన్నేటి అంది?"

"ఏటీ అన్లేదు. అసలు మాతో మాట్లాడదు. ఎప్పుడూ ఫస్టే." ఉన్నట్టుండి కోపంగా, "నువ్వు మాత్రం ముక్కు మూసుకోవా అమ్మా? రైల్లో సేపలోళ్ళెక్కితే నన్ను కూడా ఇవతలికి లాగేస్తావు కదా. నేను సేస్తే తప్పయిపోనాదా?"

వాణ్ణి కొట్టలేదు. కొట్టడానికి చెయ్యి లేచింది. వాడు అన్నది అబద్ధమైతే కొట్టేదాన్నేమో.

"నాది కూడా తప్పే. కానీ నీది నువ్వు సెప్పాలి. ఆ క్లాసులోనే, ఆ పిల్ల ఎదురుగానే" అన్నాను.

"నేను సెప్పను. సచ్చిపోతాను గాని సెప్పను."

"సావక్కర్లేదు. సెప్పు సాలు."

ఈయన గిన్నె మీద ఎవరిదో పేరు చెక్కుతున్నారు. మిషను ఆపి వచ్చారు. విన్నారు.

"నీకేటి పిచ్చా? కాగితం మీద ఒక ఇంగ్లీషు ముక్క, సంతకం పెట్టేస్తే అయిపోతాది. సొంత కొడుకు పేరు నడివీధిలో పడేస్తావా?"

"ఆ పిల్ల పేరు పడలేదా?"

"అది ఆళ్ళ గొడవ."

"తప్పు పేరు చెక్కిన గిన్నె మీరు ఎవరికైనా ఇస్తారా?"

వెళ్ళి కూర్చున్నారు. మిషను మళ్ళీ మొదలైంది. రోజూ వినే చప్పుడే, ఇవాళ పళ్ళు జివ్వుమన్నాయి.

నవంబర్ 19, బుధవారం

గురమ్మకి ఫోను చేసి వాళ్ళాయన ధనరాజుకి ఇమ్మన్నాను. వేటనుంచి అప్పుడే వచ్చాడట.

"సెప్పండి."

"మీ అమ్మాయి ఏ తప్పూ చెయ్యలేదండి. సేసింది మావాడు." ఏం చేశాడో మొత్తం చెప్పాను. ముక్కు దగ్గర్నుంచి వీడియో దాకా. రేపు కాలేజీలో క్లాసు ముందు వాడిచేత ఒప్పిస్తాను, మీ అమ్మాయిని పంపండి అన్నాను.

అటువైపు సముద్రం హోరు వినిపిస్తోంది.

"మీరు ఆ పిల్లడి తల్లేనా?"

"అవునండి."

"మరి నాకు మాస్టారు వేరేటో సెప్పినాడు. నాను నా పిల్లని..." ఆగిపోయాడు. "రేపు నానే తీసుకొస్తాను దాన్ని" అన్నాడు.

సాయి రాత్రి అన్నం తినలేదు. నేనూ బతిమాలలేదు. తినకపోయినా రేపు వాడు వస్తాడు.

నవంబర్ 20, గురువారం

పొద్దున్న సాయి పక్క మీంచి లేవనన్నాడు. నేను చీర కట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఈయన స్కూటరు బయటికి తీశారు. "ఎక్కరా. బస్సు తప్పిపోతాది" అన్నారు. అంతే. స్టాండులో మమ్మల్ని దింపి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయారు. నాకది చాలు.

నారాయణమూర్తి గారు క్లాసు దగ్గరికి రావడానికి మొదట ఒప్పుకోలేదు. "అమ్మా, కాలేజీ పేరు కూడా ఆలోచించండి. నా గదిలో సారీ చెప్పించేద్దాం."

"నవ్వింది మీ గదిలో కాదు కదండి."

ధనరాజు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. తెల్ల చొక్కా, మడతలు ఇంకా విప్పుకోలేదు. ఆయన్ని చూశాక ప్రిన్సిపాల్ లేచారు.

క్లాసులో రాణి ముందు బెంచీలో కూర్చుంది. సాయి బోర్డు దగ్గర. నేను గుమ్మంలో. వెళ్ళి వాడి చెయ్యి పట్టుకోవాలనిపించింది. గుమ్మం పట్టుకున్నాను.

"ఐ మిస్‌బిహేవ్డ్, ఐ యామ్ సారీ అని చెప్పి కూర్చో" అన్నారు ప్రిన్సిపాల్.

సాయి గబగబా అదే అప్పజెప్పేసి కదిలాడు.

"తెలుగులో సెప్పరా" అన్నాను.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సాయి నా వైపు చూసిన చూపు నేను మర్చిపోను. అందులో ప్రేమ లేదు. మళ్ళీ బోర్డు దగ్గరికి వెళ్ళాడు.

"రాణి క్లాసులోకి వస్తే నేను ముక్కు మూసుకునేవాణ్ణి. వాసన ఏమీ లేదు. ఊరికే మూసుకునేవాణ్ణి. బెంచీ మీద సెంటు కొట్టాను. ఎండు చేప... బ్యాగుకి కట్టింది నేనే. వీడియో నేనే పెట్టాను. తను లెక్క కరెక్టుగానే చేసింది." కళ్ళు తుడుచుకోకుండానే రాణి వైపు తిరిగాడు. "సారీ రాణీ."

ఎవరూ నవ్వలేదు.

"ఏమ్మా, ఓకేనా?" అని ప్రిన్సిపాల్ రాణిని అడిగారు.

"వీడియో అందరి ఫోన్లలోనూ తీయించండి సార్."

"సరే. నువ్వు కూడా కొట్టినందుకు..."

రాణి లేచింది. "కొట్టకుండా వచ్చి మీకు చెప్పాల్సింది సార్. నేను చెప్తే మీరు వింటారో లేదో తెలీక కొట్టాను. కొట్టినందుకు సారీ సాయీ. మళ్ళీ చేస్తే మాత్రం మళ్ళీ కొడతాను."

"చూడండి, దీన్నే మిస్‌బిహేవియర్ అంటారు" అన్నారాయన నా వైపు తిరిగి.

"కాదు సార్. కొట్టడం అంటారు" అంది రాణి.

ఆఫీసులో ఆ రెండు కాగితాలూ నేను అడిగాను. రాణిది ధనరాజు చేతికిచ్చాను. చదవలేడు, అయినా తిప్పి తిప్పి చూశాడు. ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. కింద పారెయ్యలేదు. సాయిది మాత్రం ప్రిన్సిపాల్‌కే ఇచ్చి, ఆ మాట కొట్టేసి, వాడు క్లాసులో చెప్పింది చెప్పినట్టు రాయించి సంతకం పెట్టించుకోమన్నాను. ఆయన నన్ను వింతగా చూశారు. సాయి రాశాడు. అక్షరాలు వంకరపోయాయి గానీ ఒక్కటీ వదల్లేదు.

మెట్లు దిగుతూ ధనరాజుతో ఏదో అనాలని, "మా ఇంట్లోనే నేర్చుకున్నాడండి" అన్నాను. ఆయన "ఆఁ" అన్నాడు. కాదు, పర్వాలేదు అని నన్నేమీ ఓదార్చలేదు. ఓదార్చకపోవడమే మంచిదైంది.

నవంబర్ 21, శుక్రవారం

సాయి కాలేజీకి వెళ్ళాడు. నాతో మాట్లాడటం లేదు.

కుసుమకుమారికి ఫోను చేసి, శనివారం నేను చెప్పింది తప్పని చెప్పాను. ఏం జరిగిందో చెప్పాను. "ఇంత మాత్రానికేనా వదినా, నేనింకా ఏదో అనుకున్నాను" అంది. ఇంత మాత్రం కాదని మళ్ళీ చెప్పాను.

నవంబర్ 22, శనివారం

మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా మాత్రం ఖాళీగా తెచ్చాడు.

నవంబర్ 24, సోమవారం

సాయంత్రం సుభద్రమ్మ గారు కొట్టుకి వచ్చారు. కూతురి కొత్త కాపరానికి సామాన్లు. వాళ్ళ మనవడు కూడా అదే కాలేజీ. బిందెలు, పళ్ళాలు, ఇడ్లీ పాత్ర ఒక్కోటీ ఎంచి పక్కన పెట్టించి, నెమ్మదిగా గొంతు తగ్గించారు.

"మీ సాయి ఏదో మిస్‌బిహేవ్ సేసాడంట కదమ్మా. ఈ వయసు పిల్లలు అంతేలే. ఏటుంటాది, చిన్న అల్లరి."

అవునండీ అంటే అయిపోయేది. ఆవిడ నాకు దారి ఇచ్చారు, మర్యాదగానే ఇచ్చారు. సాయి లోపల మెట్టు మీద కూర్చుని చదువుకుంటున్నాడు. పేజీ తిప్పిన చప్పుడు ఆగిపోయింది.

"చిన్న అల్లరి కాదండి. క్లాసులో ఒక చేపలవాళ్ళ అమ్మాయిని చూసి ముక్కు మూసుకునేవాడు. బ్యాగుకి ఎండు చేప కట్టి వీడియో తీశాడు. ఏడాదికి పైగా ఏడిపించాడు. క్లాసులో నిలబడి ఒప్పుకున్నాడు."

సుభద్రమ్మ గారి మొహం ఎర్రబడింది. చెప్పినందుకో, చేసినందుకో తెలీదు. "ఇవన్నీ పైకి సెప్పుకుంటారేటమ్మా" అన్నారు. రేపు వచ్చి తీసుకెళ్తానని సామాన్లు అలాగే వదిలి వెళ్ళిపోయారు. రారు. ఈయన కౌంటరు దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

నేను పళ్ళాలు సర్దుతుంటే సాయి లేచి వచ్చాడు. ఇడ్లీ పాత్ర తీసి పై అరలో పెట్టాడు. బిందెలు ఒకదాంట్లో ఒకటి దించాడు. నాలుగు రోజుల తరవాత మొదటిసారి నోరు విప్పాడు.

"అడిగినోళ్ళందరికీ ఇలాగే సెప్తావా అమ్మా?"

"అడిగినోళ్ళకి సెప్తానురా. అడగనోళ్ళకి సెప్పను."

ఆఖరి బిందె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. బయట వీధిలో దీపాలు వేస్తున్నారు.

"మళ్ళీ ఎవరైనా అడిగితే నన్ను పిలు" అన్నాడు. "నేనే సెప్తాను."